ఛాయాచిత్రములకొక చేట



గడచిన సంవత్సరము వరలక్ష్మీవ్రతమునాడు మా యింట పేరంటమునకు వచ్చిన ముత్తైదువలందఱును పూజాపీఠము ముందర వరుసగా గూర్చుండి, "మా అందరికీ కలిపి ఒక ఫోటో తియ్యమ్మా" అని యడిగిరి. నేను ఫోను చేతబట్టి మీట నొక్కితిని. చిత్రము పడలేదు. నిలువచేయుటకు చోటు లేదనియు, కొన్నిటిని తొలగించి మరల బ్రయత్నింపవలయుననియు తెఱమీద నక్షరములు కనబడినవి. వాయనములు చేతబట్టుకొని పదిమంది నవ్వుమొగములతో గదలక కూర్చుండియుండగా, నేను తలుపుచాటునకు బోయి చేతికందిన నాలుగు చిత్రములను చెఱిపి వచ్చితిని. ఆ తొందరలో జెఱిపినవేవో నాకిప్పటికిని దెలియదు.

ఆ రాత్రి లెక్కచూడగా నా ఫోనులో 9,312 చిత్రములున్నవి. ఒక సామాన్య గృహిణికి నిన్ని చిత్రములెక్కడివని మీరు నవ్వవచ్చును. మా వారు ఉపాధ్యాయులు. పాఠశాలలో మధ్యాహ్నభోజనము, మొక్కలు నాటుట, జెండావందనము మొదలగువాని చిత్రములు తీసి పైవారికి బంపుట వారి పనులలో నొకటి. వారి ఫోను నిండినప్పుడెల్ల నా ఫోను గొనిపోవుదురు. కావున దానిలో నా బిడ్డలకన్న పరుల బిడ్డలే యెక్కువ. తక్కినవి యందఱిండ్లను నుండునవే: తెల్లవాఱకముందే బంధువులు పంపెడి పూలగుత్తుల శుభోదయములు, చీరలవారు పంపిన చీరలు, గ్యాసు రసీదులు, ఒకే నవ్వు పండ్రెండుమాఱులు, వ్రేలు పొరబాటున దగిలి పడిన గచ్చునేల.

మా నాయనమ్మకు జీవితకాలమంతటికి నొక్కటే ఛాయాచిత్రము. హైదరాబాదున ఆఱవ నిజాము కొలువులో బేరుగన్న రాజా దీనదయాళు (1844-1905) నాటికి ఛాయాచిత్రమన్నది ప్రభువులకును దొరలకును దగిన వస్తువు. రీలు కెమెరాలు సామాన్యుల యిండ్లకు వచ్చిన పిదపగూడ రీలునకు ముప్పదియాఱు చిత్రములే. వానిని కడిగించి అచ్చువేయించుటకు సొమ్ము కావలయును గాన, మీట నొక్కుటకుముందే మనస్సు నేరుచుకొనెడిది. ఇప్పుడు మీట నొక్కుటకు వెలలేదు; ఏరుకొనుట మాత్రము మిగిలిపోయినది. అది యెవ్వరికిని దీరిక లేని పని.

మా మఱిది రాజమహేంద్రవరమున నింజనీరింగు కడపటి సంవత్సరము చదువుచున్నాడు. దసరాకు వచ్చినప్పుడు వానితో నీ గోడు చెప్పుకొంటిని. "వదినా, దీనికి బోలెడు యాపులున్నాయి" అని తేలికగా ననెను. అది నిజమే. ఆపిలువారు 2022లో తమ ఫోనులలో జోడుచిత్రములను దామే కనిపెట్టి చూపు నేర్పాటు చేసిరి. గూగులువారికిని ఫోను శుభ్రపఱచు సాధనము గలదు. తక్కిన వానిలో బెక్కింటిని వాడు నా ఫోనులో దించి చూపెను. అవి యేమి యడుగుచున్నవో చదివితిని. చిత్రములు చూచుటకు ననుమతి కావలెననుట న్యాయమే. చిరునామాల పట్టికతో దానికేమి పని? మే మెక్కడ నున్నది దానికేల? పైగా బొత్తాములపైని మాటలన్నియు నాంగ్లములో నున్నవి. "మా వీధిలో సగముమంది కివి తెలియవు. తెలియక యెస్సన్నచోట నొక్కుదురు. నొక్కినవి పోవును" అంటిని. వాడు కొంతసే పూరకుండి, "అయితే మా ప్రాజెక్టుకి ఇదే పెట్టుకుంటాను" అనెను.

పేరు నేను పెట్టితిని. బియ్యమును చెఱిగి రాళ్ళను నూకలను వేఱుచేయునది చేట; ఇదియు నదే పని చేయును గాన "చేట" యంటిని. మా మఱిది నవ్వి, "చివర ఒక్క కొమ్ము పడితే చేటు అవుతుంది, జాగ్రత్త" అనెను. ఆ మాట తరువాత నాకు బలుమాఱులు జ్ఞప్తికి వచ్చినది.

ఇక నది పనిచేయు విధము చెప్పెదను. నేను గణితము చదువుకొన్నదానను గాను. వాడు బోధించినంత మట్టునకే.

అచ్చముగా నొకటే యైన చిత్రములను బట్టుకొనుట సులభము. ప్రతి చిత్రమునుండియు యంత్రము 256 బిట్టుల ముద్ర నొకదానిని దీయును. రెండు చిత్రముల ముద్రలొకటే యైనచో నవి యొకటే. కాని చిత్రములో నొక చుక్క మాఱినను ముద్ర యంతయు మాఱిపోవును. మనము వాట్సాపులో బంపినప్పుడు చిత్రము కుంచింపబడి, తీసిన వేళ మొదలగు వివరములు రాలిపోయి, కొత్త పేరుతో నవతలివారికి జేరును. కావున మా చెల్లెలు తీసిన పుట్టినరోజు చిత్రము ఐదుగురి చేతులు తిరిగి నాకు ముమ్మాఱు వచ్చినను, నా కన్నులకవి యొకటే గాని యీ ముద్రలకు మూడును వేఱే.

దీనికై వాడు మఱియొక యుపాయము చేసెను. చిత్రమునకు రంగు తీసివేసి, వరుసకు తొమ్మిదేసి చొప్పున నెనిమిది వరుసల ముగ్గుచుక్కలంత చిన్నదిగా గుదించును. పిదప బ్రతి చుక్కను దాని కుడిప్రక్క చుక్కతో బోల్చును. ఇది దానికంటె వెలుగైనచో నొక గుర్తు, కానిచో మఱియొక గుర్తు. వరుసకెనిమిది చొప్పున నెనిమిది వరుసలకు నఱువదినాలుగు గుర్తులు. వాడు వీనిని ఒకటి, సున్న యనును. నేను గురువు, లఘువు అనుకొంటిని. అంతటితో నాకు సర్వము సుబోధమైనది. ప్రతి చిత్రమునకు నఱువదినాలుగక్షరముల ఛందస్సన్నమాట! రెండు చిత్రముల ఛందస్సులలో నైదింటికి మించి తేడా లేనిచో నవి జోడు.

నా 9,312 చిత్రములలో దేనిని దేనితో బోల్చినను నాలుగుకోట్ల ముప్పదిమూడు లక్షలకు బైబడిన జతలగును. ఇన్ని పోలికలు ఫోను చిటికెలో జేయును గాని, తొలుత నన్ని చిత్రములను గుదించుటకు జాలసేపు పట్టి, ఫోను ఇడ్లీపాత్ర మూతవలె వేడెక్కెను.

మసకచిత్రముల కొక తూనిక కలదు. స్పష్టమైన చిత్రములో నంచులు కొట్టవచ్చినట్లుండును, మసకదానిలో నంచులు కరగిపోవును. యంత్ర మా యంచులను గొలుచును. నాలుగుదినములకే దాని లోపము బయటపడినది. మేఘములేని యాకాశము, సున్నము వేసిన గోడ, దీపావళినాటి చీకటిలో నొక ప్రమిద - వీనికి సహజముగనే యంచులు తక్కువ గాన నవియెల్ల మసకలని మూలకు ద్రోసెను.

మొదటి లెక్కలో వాడొక పొరబాటు చేసెను. దానిని నేనే పట్టుకొంటిని. శుభోదయపు బొమ్మలు 2,940 ఉన్నవని చూపి, "ఇవి తీసేస్తే సగం బరువు దిగిపోతుంది" అనెను. తీసిన తరువాత జూడగా నాలుగువందల మెగాబైట్లైనను ఖాళీ కాలేదు. ఆ బొమ్మ లొక్కొక్కటి చింతాకంత. మా పాప నాట్యప్రదర్శనపు చలనచిత్రములు ఏడు మాత్రమే మూడు గిగాబైట్లున్నవి! కొట్టుగది సర్దునప్పుడు మనము మొదట గంగాళములు కదల్తుము గాని గరిటెలు కాదు గదా. అప్పటినుండి చేట మొదటి పుటలో సంఖ్య కాక బరువు ముందుగా జూపునట్లు మార్చెను.

చిత్రములు ఫోను దాటి పోరాదని నేను బట్టుపట్టితిని. బాలెంతల చిత్రములు, పసిబిడ్డలకు నీళ్ళుపోసెడి చిత్రములు ఆడువారి ఫోనులలో నుండును. మా మఱిది దీనికి నాకు సంతృప్తి కలుగునట్టి మార్గము చెప్పెను. ఆండ్రాయిడులో నే యాపైనను అంతర్జాలమునకు బోవలయునన్నచో నా సంగతి తన యనుమతిపత్రములో ముందుగా వ్రాసికొనవలయును. చేటలో వాడది వ్రాయనేలేదు. తలుపు వేసి తాళము పెట్టుట వేఱు. గోడకు తలుపే పెట్టకుండుట వేఱు.

బొత్తాములపై మాటలకు మే మిద్దఱమును రెండు దినములు వాదులాడితిమి. ఉంచదగినదానికి "ఉంచుము" అన్నచో జాలును. తీసివేయుటకు "తొలగింపుము" అని వాడు వ్రాసెను. తొలగించిన పిదప నది యెక్కడకు బోవునని యడిగితిని. "ఎక్కడికీ పోదు, ఉండదు, అంతే" అనెను. ఆ మొదటి ప్రతిలో నట్లే యుండెను. ఇన్ని చిత్రములను తీసివేయవచ్చునా యని ఫోనొకమాఱడుగును. ఔనన్నచో నవి శాశ్వతముగా బోవును. నా ఫోనుమీద దానిని బరీక్షించుచు నే నొకటి రెండు గుంపుల కౌనంటిని గూడ. ఏ యింటిలోనైనను గది యూడ్చిన చెత్తను వెంటనే వీధిలో బోయరు. తప్పిపోయిన చెవికమ్మ శీల దానిలో దొరకునేమో యని గంపలో నొకపూట యుంచుదురు. "నీ యాపునకు పెరటిగంప లేదేమి?" అంటిని. వాడు గొణుగుకొనుచునే మార్చెను. 2020లో వచ్చిన పదునొకండవ ఆండ్రాయిడు మొదలు అట్టి యేర్పాటున్నదట. గంపలో వేసినవి ముప్పదిదినము లుండి యటుపిమ్మట దమంతట నవియే పోవును. బొత్తాముమీద "పెరటిగంపలో వేయుము" అని వ్రాయించితిని. మార్గశిరమాసములో నీ రెండవ ప్రతితో నా ఫోనంతయు జెఱిగితిని. పదునాలుగు గిగాబైట్లు ఖాళీ యయినవి. నేను గర్వపడితిననుటకు సిగ్గుపడను.

మా నాయనగారిని గూర్చి యిక్కడ జెప్పవలసియున్నది. చిన్ననాట దీర్ఘమైన జబ్బుచే బడికి బోజాలని నన్ను వారు చాపమీద గూర్చుండబెట్టి అమరము మొదలుకొని చదివించిరి. భాగవతములోని గజేంద్రమోక్షమునకు వారు వ్రాసికొనిన టిప్పణము లొక నోటుపుస్తకమున నుండెడివి: పైని పద్యము, క్రింద బదవిభాగము, దాని క్రింద దమ తండ్రిగారు చెప్పిన విశేషములు. మొత్తము 112 పుటలు. వారు 2019లో గాలముచేసిరి. మఱుసటి యేట నేను పుట్టింటికి బోయి యా పుస్తకమునందలి ప్రతిపుటను ఫోనులో దీసికొంటిని. పుస్తకమును మాత్ర మమ్మ తనకడనే యుంచుమనెను. 2021 వానలకు బీరువాకు జెదలు పట్టి యందలి పుస్తకములన్నియు మట్టిగా మిగిలినవి. అన్ని చిత్రములతోబాటు వీనికిని మఱియొక ప్రతి గూగులు మేఘములో నుండవలసినదే. కాని 2021 జూను 1 నాటినుండి యక్కడ వెలలేక లెక్కలేనన్ని చిత్రములుంచుకొను సౌకర్యము పోయినది. ఉచితముగా నిచ్చు పదునైదు గిగాబైట్లు మాకు నిండిపోయి, దాని నాపివేసి చాలకాలమైనది.

సంక్రాంతికి ముందు మా పాపకు పద్యపఠనపు బోటీ వచ్చినది. ఒక పద్యములోని సమాసమునకు నాయనగారేమి వ్రాసిరో చూతమని ఫోను దెఱచితిని. 112 పుటలకు 14 మాత్రమున్నవి.

కాలుచేతులాడలేదు. మా మఱిదికి ఫోను చేసితిని. వాడు మొదటగా నడిగిన ప్రశ్న, "వదినా, చెరిగి ఎన్ని రోజులైంది?" అని. వ్రేళ్ళు మడిచి లెక్కించితిని. ఇరువదియాఱు దినములు. ఇంక నాలుగు దినములు మా పాప పోటీ యాలస్యమైనచో గంప ఖాళీ యగునదే. గంప దెఱచి యెనుబదియైదు పుటలు వెనుకకు దెచ్చుకొంటిమి. తక్కిన పదుమూడు మొదటి ప్రతితో, శుభోదయములనుకొని నే నౌనన్న గుంపులలో నున్నవి. అవి పోయినవి. కొమ్ము మొలచినది.

ఇ ట్లేల జరిగెనో మా మఱిదికి వెంటనే తోచలేదు. తెల్లకాగితము, నడుమ నల్లని వరుసలు. అట్టి పుటను డెబ్బదిరెండు చుక్కలకు గుదించినచో నక్షరములన్నియు బూడిదరంగులో గలసిపోవును. నేను వాని కిట్లు చెప్పితిని: "ఉత్పలమాలలన్నిటికిని గణములు భ ర న భ భ ర వ లే. నీ యంత్రమునకు గణములు గుర్తించుటయే వచ్చును గాని పద్యము చదువుట రాదు. కావున లోకమందలి యుత్పలమాలల నన్నిటిని నొక్కటే పద్యమనుకొని, ఒకదాని నుంచి తక్కినవానిని బాఱవేసినది." వాడు కొంతసేపు మాటాడలేదు. దానిపైని మఱియొక దోషమును వాడే కనుగొనెను. మొదటిపుట రెండవదానిని బోలును. రెండవది మూడవదానిని బోలును. ఇట్లు గొలుసుగా బోలికలు పోయి, మొదటిదానికిని ఇరువదవదానికిని బొత్తిగా సామ్యము లేకున్నను నొకే గుంపులో బడినవి.

సవరణలు మూడు చేసెను. గుంపులో బ్రతిదియు నుంచదలచిన చిత్రముతోనే నేరుగా బోలవలయును గాని గొలుసు కూడదు. జోడనిపించినవానిని మరల నిన్నూటయేబదియాఱు గుర్తులతో సూక్ష్మముగా బరీక్షింపవలయును. మూడవది కాగితముల సంగతి. వ్రాత గల చిత్రములను జదివి వేఱుచేయ వాడొక సాధనము దెచ్చెను. అది లాటిను, దేవనాగరి, చీనా, జపాను, కొరియా లిపులను మాత్రమే గుర్తించునదట. తెలుగు దానికి రాలేదు. వచ్చినను మా నాయనగారి గొలుసుకట్టు వ్రాత నది చదువునని నేను నమ్మను. కావున రంగులు మిక్కిలి తక్కువగా నుండి, తెలుపు హెచ్చుగా గల చిత్రముల నన్నింటిని "కాగితములు" అను వేఱొక అఱలో బెట్టి, వానిని దీసివేయుమని చేట యెన్నడును దానై చెప్పకుండునట్లు చేసెను.

గూగులు అంగడిలో యాపును బెట్టుటకు క్రొత్తవారు పండ్రెండుగురిచేత బదునాలుగు దినములు వాడించి చూపవలయునట. 2023లో దెచ్చిన నియమమున నిరువదిమంది యుండగా, 2024 డిసెంబరులో బండ్రెండునకు దగ్గించిరి. మా మఱిది తన స్నేహితుల బేర్లు వ్రాయబోగా నేను వలదంటిని. వ్రతమునాడు ఫోటో తీయించుకొనగోరి నా చేతకానితనమును జూచినవారినే పిలిచితిని. చాలనివారిని ప్రక్కవీధినుండి చేర్చితిని.

ఆ పదునాలుగు దినములలో నేను నేర్చుకొన్నది వాని పుస్తకములలో లేదు. ఎదురింటి మామ్మగారు మనుమరాలి చిత్రములు నలుబదియొక్కటి యొకేరకముగా నున్నను నొక్కదానిని దీయనీయలేదు. "దీంట్లో కన్ను మూసింది, దాంట్లో మూయబోతోంది" అనెను. యంత్రము కన్నులు దెఱచియున్న చిత్రమును మేలైనదిగా నెంచునట్లు వాడేర్పఱచియుండెను. ఆమెకు గావలసినది మూసిన కన్నులదే. ఇంకొక సోదరి ఫోనులో బట్టాదారు పాసుపుస్తకము, రేషనుకార్డు, వైద్యుని చీటీలు నుండెను. అవి కాగితముల అఱలో భద్రముగా జేరుటను జూచినప్పుడు నా నాయనగారి పుటలు పోయినందుకు గొంత యూఱట కలిగినది. మఱియొకామె తన పెనిమిటి చిత్రములను దెఱమీద జూపగానే ఫోను మూసివేసి, "ఇవి నేను ఒక్కదాన్నే చూసుకుంటాను" అని లోపలికి బోయెను. ఆయన పోయి యేడాది కాలేదు. ఆ మఱునాడే "ఈ చిత్రములను చేట ముట్టరాదు" అను బొత్తామునొకదానిని వ్రాయించితిని.

ఇట్టి సాధనమేదైనను వాడదలచిన సోదరీమణులకు రెండు మాటలు. గూగులు ఫోటోలలో మీ చిత్రములు చేరియున్నచో, ఆ యాపులోనుండియే తొలగించిన చిత్రము ఫోనునుండియు మేఘమునుండియు గూడ బోవును. ఫోనులో మాత్రమే చోటు చేసికొనుటకు దానిలోనే వేఱొక మార్గము గలదు, దానినే వాడుడు. తీసివేసిన తరువాత గంపను వెంటనే ఖాళీచేయకుడు. తిథి యొకటి గోడమీది పంచాంగములో గుర్తుపెట్టుకొని, ముప్పదిదినములు నిండకముందొకమాఱు దానిని దెఱచిచూడుడు. నేను ఇరువదియవదినమున జూచుచున్నాను.

మా వారి ఫోను మాత్రము నేటికిని నిండియే యున్నది. "బడిపిల్లల ఫోటోలు నేను తీసేయను, పదేళ్ళ తర్వాత వాళ్ళే వచ్చి అడుగుతారు" అని వారి వాదము. నేను మాఱు చెప్పలేదు.

పోయిన పదుమూడు పుటలలో నెనిమిదింటిని మునుపెప్పుడో నేను మా చెల్లెలికి వాట్సాపులో బంపియుంటిని. ఆమె తన ఫోనులో బాత మాటలన్నియు నట్లే యుంచుకొనునది; ఆ యలవాటునకు నేనెన్నిమాఱులు కోపపడితినో లెక్కలేదు. ఆమె వెదకి పంపెను. కుంచించిన చిత్రములే యయినను అక్షరములు దెలియుచున్నవి. ఇంక నైదు మిగిలినవి: 41, 42, 58, 77, 103. నాయనగారు పుట పైని సంఖ్య వేయువారు గాన నివియే యని తెలిసినది. మొదటి నాలుగింటిలోని పద్యములు వరుసనుబట్టి యూహింపవచ్చును, నాకవి కంఠస్థములు. టిప్పణములు వారు చెప్పగా విన్నంతమట్టుకు జ్ఞాపకము చేసికొని వ్రాసితిని. మాఘమాసమునుండి క్రొత్త నోటుపుస్తకము గొని, ఫోను ముందర బెట్టుకొని, మొత్తము నా చేతివ్రాతతో నెక్కించుచున్నాను. 103వ పుటలో వారు పద్యము కాక యేదో వేఱుసంగతి వ్రాసికొనిరని అమ్మ యనును. అదేమో యామెకును దెలియదు. ఆ పుట ఖాళీగా విడిచి 104వ పుట వ్రాయుచున్నాను.